రాబందు కథతో పరిశోధన, ఉత్తరం: టీచర్ల ప్రశ్నలకు జవాబులు

నిజంగా జరిగిన ఒక జంతువు కథ తీసుకొని పిల్లలకు వెతకడం, అడగడం, ఉత్తరం రాయడం నేర్పాలనుకుంటున్న టీచర్లు, తల్లిదండ్రుల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి ఈ శీర్షిక మొత్తం ఇచ్చేశాం. అన్ని జవాబులకూ ఆధారం ఒక్కటే మాట: పిల్లవాడు ఉత్తరంలో రాసే ప్రతి వాక్యానికీ వాడి నోటుబుక్కులో ఒక వరుస ఉండాలి.

ప్రశ్న: ప్రాజెక్టు పని అంటే పిల్లలు నెట్ సెంటర్‌కు పోయి ప్రింటు తెచ్చి అంటిస్తున్నారు. లేఖారచన అంటే గైడులో ఉన్నది దించుతున్నారు. రెండూ కలిపి ఒక జంతువు నిజకథతో చేయించాలని ఉంది. ఏ కథ తీసుకోవాలి? ఎట్లా మొదలుపెట్టాలి?
- ఏడో తరగతి తెలుగు టీచర్, నర్సంపేట

జవాబు: కథ ఎంచుకునేటప్పుడు అది నిజమని తేలిందా అన్నది ఎట్లాగూ చూస్తారు. దానితోపాటు ఇంకో రెండు చూడండి. ఆ కథలో మన ఊళ్లో అడిగి తెలుసుకోవలసింది ఏదైనా మిగిలి ఉండాలి. చివర పిల్లల ఉత్తరం అందుకొని నిజంగా ఏదో ఒకటి చేయగల మనిషి ఉండాలి. దూరదేశపు విశ్వాసపాత్రమైన కుక్క కథ పిల్లల కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది కానీ, ఆ తర్వాత ఉత్తరం ఎవరికి రాస్తారు? మన ఉత్తర తెలంగాణకు అన్ని విధాలా సరిపోయేది రాబందుల కథ.

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు వచ్చి ప్రాణహితలో కలిసే చోట పాలరాపు గుట్ట ఉంది. దాని నిలువు రాతి గోడ మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకొని ఉన్నాయని 2013లో బయటపడింది. అది అంత పెద్ద వార్త ఎందుకైంది అన్న దగ్గర అసలు కథ మొదలవుతుంది. ఒకప్పుడు దేశమంతా గుంపులు గుంపులుగా ఉన్న ఈ పక్షులు 1990లలో రాలిపోవడం మొదలుపెట్టాయి. 1992 నుంచి 2007 లోపల తెల్ల వీపు రాబందులు వెయ్యింటికి ఒకటి మిగిలాయి. పొడుగు ముక్కువి నూటికి మూడు మిగిలాయి. ఏదో వైరస్ అని చాలా కాలం అనుకున్నారు. 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనతో కారణం తేలింది: పశువులకు నొప్పికి, జ్వరానికి వేసే డైక్లోఫెనాక్ సూది. ఆ సూది పడిన పశువు ఒకటి రెండు రోజుల్లో చనిపోతే మందు మాంసంలో మిగిలే ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు పాడై, యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు పేరుకుపోతుంది. కొద్ది రోజుల్లోనే పక్షి చనిపోతుంది.

మొదటి పీరియడులో ఈ కారణం చెప్పకండి. "పక్షులు చనిపోతున్నాయి, ఎందుకో ఎవరికీ తెలియడం లేదు" అన్న దగ్గర ఆపేయండి. పిల్లలు ఊహలు చెబుతారు: ఎండలు, విషం, రోగం, వేట, తిండి లేకపోవడం. అన్నీ బోర్డు మీద రాసి ఉంచండి, ఏదీ కొట్టేయకండి. రెండో పీరియడులో బోర్డు మీద రెండు గళ్లు గీయండి. ఒక గడిలో కిడ్నీలు పాడై చనిపోయిన 25 రాబందులు. రెండో గడిలో వేరే కారణాలతో చనిపోయిన 13. మొదటి గడిలో ఎన్నింటి ఒంట్లో డైక్లోఫెనాక్ దొరికింది? 25కు 25. రెండో గడిలో? ఒక్కదాంట్లోనూ లేదు. ఇవి ఆ 2004 పరిశోధనలోని అంకెలే. "రెండో గడి ఎందుకు పెట్టారు, మొదటిది చాలదా?" అని అడిగి పిల్లల్ని కాసేపు వాదించుకోనివ్వండి. ఆ 13 పక్షుల్లోనూ మందు దొరికి ఉంటే కథ మొత్తం తిరగబడేదని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పరిశోధన అంటే ఏమిటో నిర్వచనం రాయించడం కన్నా ఈ పది నిమిషాలు ఎక్కువ నేర్పుతాయి.

మూడో పీరియడు నుంచి నోటుబుక్కు. పేజీని నిలువుగా మూడు భాగాలు చేయించండి. మొదటి దాంట్లో తెలుసుకున్న సంగతి, ఒక్క వాక్యంలో. రెండో దాంట్లో ఎవరు చెప్పారు లేదా ఎక్కడ చదివారు, ఏ తేదీన. మూడో దాంట్లో "ఖాయం", "ఒకరి మాటే", "ఇంకా అడగాలి" అనే మూడింట్లో ఒకటి. ఒక్కరే చెప్పిన సంగతి "ఒకరి మాటే" దగ్గర ఆగుతుంది. ఒకరినొకరు చూసి చెప్పని రెండో చోట కూడా అదే దొరికితే "ఖాయం" అవుతుంది. నెట్‌లో రెండు పేజీల్లో ఒకే వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఉంటే ఒకటి చూసి ఇంకోటి దించిందని అర్థం. దాన్ని ఒకటిగానే లెక్కపెట్టాలి. ఈ చిన్న నియమంతోనే ప్రింట్లు అంటించే అలవాటు చాలా వరకు పోతుంది, ఎందుకంటే అంటించిన కాగితానికి రెండో భాగంలో రాయడానికి ఏమీ ఉండదు.

జట్టుకు నలుగురు చాలు. ఎనిమిది మంది అయితే ఇద్దరు పని చేస్తారు, ఆరుగురు చూస్తుంటారు. ఇంకో చోట కూడా ఈ పని చెడుతుంది: ప్రశ్న మరీ పెద్దదైతే. "రాబందులు ఎందుకు అంతరిస్తున్నాయి?" అనే ప్రశ్నకు ఊళ్లో జవాబు దొరకదు, అందుకే పిల్లలు నెట్ సెంటర్‌కు పోతారు. "మన ఊళ్లో చచ్చిన బర్రెను ముందు ఏం చేసేవాళ్లు, ఇప్పుడు ఏం చేస్తున్నారు?", "మన మండలం పశువుల దవాఖానలో నొప్పికి ఇప్పుడు ఏ సూది వేస్తున్నారు?" అన్నవి పిల్లలు కాలినడకన పోయి తెచ్చుకోగల జవాబులు. మొత్తం పనికి ఆరు పీరియడ్లు, మధ్యలో ఒక ఆదివారం పెట్టుకోండి. తొందరపడి నాలుగింట్లో ముగిస్తే కోత పడేది అడిగి తెలుసుకునే భాగానికే.

ప్రశ్న: పిల్లల్ని ఇంట్లో తాతలు, అమ్మమ్మలను అడిగి రమ్మన్నాను. అందరూ "అప్పట్లో ఉండేటివట" అని ఒకే వాక్యం రాసుకొచ్చారు. ఎక్కడ తప్పింది?
- సాంఘికశాస్త్రం టీచర్, పరకాల

జవాబు: అడిగిన తీరులో తప్పింది. "తాతా, రాబందులను చూసినవా?" అంటే "చూసిన బిడ్డా" అన్నదే జవాబు, అక్కడితో అయిపోతుంది. జవాబు ముందే అందులో పెట్టి అడగొద్దని పిల్లలకు చెప్పండి. పక్షి పేరే ఎత్తకుండా మొదలుపెట్టాలి: "మన బర్రె చచ్చిపోతే ఎక్కడ పడేసేటోళ్లు? ఎవరు తీసుకపోయేటోళ్లు? అక్కడికి ఏమేం వచ్చేటివి? ఎన్ని రోజులకు బొక్కలు మిగిలేటివి?" ఇట్లా అడిగితే తాత తనంతట తాను ఆ చోటు పేరు చెబుతాడు, అక్కడి చెట్టు గురించి చెబుతాడు, కుక్కలు, కాకులు, గద్దలు అన్నీ వస్తాయి. రాబందు కూడా వస్తే అది తాత నోటి నుంచి వచ్చిన మాట అవుతుంది, మనవడు పెట్టింది కాదు.

"ఏ సంవత్సరం దాకా చూశారు?" అన్నది కూడా పనికిరాని ప్రశ్నే. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు, మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు. ఇంట్లో జరిగిన వాటికి ముడిపెట్టి అడగాలి: పెద్ద కొడుకు పెండ్లికి ముందా తర్వాతా, కొత్త ఇల్లు కట్టకముందా, బోరు వేయించినప్పుడా. పెండ్లి ఏ ఏడు అయిందో ఇంట్లో ఇంకొకరు చెబుతారు. అప్పుడు నోటుబుక్కులో "1998కి ముందు" అని రాసుకోవచ్చు, అదీ "ఒకరి మాటే" అనే గుర్తుతో.

గద్దకూ రాబందుకూ తేడా ముందే చూపించి పంపండి, లేకపోతే సగం జవాబులు గద్దల గురించే వస్తాయి. మన ఊళ్ల మీద తిరిగే గద్దకు తోక చివర చీలిక ఉంటుంది. రాబందుకు తల, మెడ దాదాపు బోడిగా ఉంటాయి, తోక పొట్టి, రెక్కలు చాపితే ఆ చివరి నుంచి ఈ చివరికి రెండు మీటర్ల పైచిలుకు. నేల మీద రెండు మీటర్లు సుద్దముక్కతో గీసి పిల్లల్ని అందులో చేతులు చాపి నిలబడమనండి, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఫొటోలు చూపిస్తే మాత్రం రెండు పక్షులవీ కలిపి పేర్లు లేకుండా చూపించమనండి. ఒక్క రాబందు ఫొటోనే చూపిస్తే అందరూ "ఔ, ఇదే" అంటారు.

ఇద్దరు పోవాలి, ఒకరు అడగడానికి, ఒకరు రాయడానికి. పెద్దవాళ్లు చెప్పిన మాటను వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. పుస్తక భాషలోకి అక్కడే మార్చేస్తే సంగతి సగం జారిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి "సెల్ టవర్ల వల్లే రాబందులు చచ్చిపోయాయి" అని వాట్సాప్‌లో చూసి రాసుకుంది. టీచర్ తప్పన్నారట. ఇంట్లో ఒకటే వాదన. ఏం చెప్పాలి?
- ఒక తల్లి, హుజూరాబాద్

జవాబు: తప్పని చెప్పి కొట్టేయకండి. మంచి పని దొరికింది, చేయనివ్వండి. మీ ఊళ్లో మొదటి టవర్ ఎప్పుడు లేచిందో అమ్మాయినే కనుక్కోమనండి. మన దేశంలో మొదటి మొబైల్ ఫోన్ కాల్ 1995 జూలై 31న మాట్లాడారు. ఊళ్లకు టవర్లు వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. మీ ఇంటి పెద్దలు రాబందులు కనిపించడం మానేశాయని చెప్పే కాలం, టవర్ లేచిన కాలం పక్కపక్కన రాసి చూడమనండి. రెండో ప్రశ్న ఇంకా పదునైనది: టవర్ మీద కాకులు వాలతాయి, గద్దలు పక్కనే తిరుగుతాయి. అవెందుకు మిగిలాయి? ఏ కారణం చెప్పినా అది రాబందులే ఎందుకు పోయాయో, మిగతావి ఎందుకు పోలేదో రెండూ చెప్పగలగాలి. డైక్లోఫెనాక్ సంగతి ఆ రెండూ చెబుతుంది: ఆ మందు రాబందుల కిడ్నీలను దెబ్బతీసినంతగా అదే కళేబరాన్ని తినే కుక్కలను దెబ్బతీయదు. పైగా ఆ మందు ఉన్న మాంసం తినిపించి చూసినప్పుడు రాబందులు అదే తీరున చనిపోయాయి.

పిల్లలకు తప్పకుండా వచ్చే సందేహం ఒకటుంది. "అన్ని పశువులకూ ఆ సూది వేయలేదు కదా, ఇన్ని పక్షులు ఎట్లా చనిపోయాయి?" వంద కళేబరాల్లో ఒక్కదానికన్నా తక్కువ వాటిలో మందున్నా ఇంత నష్టం జరుగుతుందని లెక్క కట్టారు. రాబందులు ఒక కళేబరం మీద గుంపుగా వాలతాయి కాబట్టి ఒక్క బర్రె చాలు. పైగా జంట ఏడాదికి పెట్టేది ఒకటే గుడ్డు, పిల్ల పెద్దదై గూడు కట్టడానికి దాదాపు అయిదేళ్లు పడుతుంది. పోయినంత వేగంగా తిరిగి రావు.

ప్రశ్న: ఉత్తరం దగ్గరికొచ్చేసరికి పిల్లలు "రాబందులను కాపాడండి, పర్యావరణాన్ని రక్షించండి" అని రెండు పేజీలు నింపుతున్నారు. ముఖ్యమంత్రి గారికి, ప్రధానమంత్రి గారికి రాస్తామంటున్నారు. మంచి ఉత్తరం ఎట్లా ఉంటుంది?
- ప్రధానోపాధ్యాయురాలు, మంచిర్యాల

జవాబు: పెద్ద పదవికి రాస్తే పెద్ద పని అవుతుందని పిల్లలు అనుకోవడం సహజం. అడిగే పని ఎవరి బల్ల మీద తేలుతుందో వాళ్లకు రాయాలి. పశువులకు ఏ మందు వాడతారన్నది మండల పశువైద్యాధికారికి. గుట్ట మీద గూళ్ల లెక్క అడగాలంటే జిల్లా అటవీ అధికారికి. చనిపోయిన పశువులను ఎక్కడ వేస్తారన్నది గ్రామపంచాయతీకి. ఒక ఉత్తరంలో ఒకే కోరిక. రెండు కోరికలుంటే సులువైన దానికే జవాబు వస్తుంది.

వెనుక జరిగిన సంగతులు పిల్లలకు తెలిసి ఉండాలి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు. ఆ తర్వాత మనుషులకని అమ్మే పెద్ద సీసాలను కొందరు పశువులకు వాడుతుండడంతో, 2015లో మనుషుల సూది మందును 3 మిల్లీలీటర్ల సీసాకు కుదించారు. బర్రెకు చాలినంత మందు కావాలంటే అలాంటి సీసాలు ఎన్నో విప్పాలి, ఖర్చు పెరుగుతుంది, ఆ దారి మూసుకుపోతుంది. ఈ సంగతి పిల్లలకు భలే నచ్చుతుంది, ఎందుకంటే సీసా సైజు మార్చడమూ ఒక పక్షిని కాపాడే పనేనని తెలుస్తుంది. 2023లో అలాంటి నొప్పి మందులే అయిన ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను కూడా పశువులకు నిషేధించారు. వాటి బదులు వాడదగిన మెలాక్సికాం, టోల్ఫెనమిక్ ఆమ్లం రాబందులకు ప్రమాదం లేనివని పరీక్షల్లో తేలింది.

ఇప్పుడు ఉత్తరం. స్థలం, తేది పైన కుడివైపు. తర్వాత సంబోధన, విషయం. లోపలి భాగం ఇట్లా ఉంటే చాలు, అంకెలు మాత్రం మీ పిల్లల నోటుబుక్కులోవి పెట్టుకోవాలి:

"గౌరవనీయులైన పశువైద్యాధికారి గారికి, నమస్కరించి రాయునది. మేము ఏడో తరగతి విద్యార్థులం. రాబందుల గురించి తెలుసుకుంటున్నాం. మా ఊళ్లో ఆరుగురు పెద్దవాళ్లను అడిగాం. చచ్చిన పశువుల దగ్గర రాబందులు వాలడం చూశామని అయిదుగురు చెప్పారు. మాలో ఎవరమూ చూడలేదు. డైక్లోఫెనాక్ సూది వేసిన పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందులు చనిపోతాయని, అందుకే 2006లో పశువులకు ఆ మందును నిషేధించారని చదివాం. ఏ మందులు వాడకూడదో, వాటి బదులు ఏవి ఉన్నాయో ఒక చార్టు రాశాం. మీరు చూసి అందులో తప్పులుంటే దిద్దగలరా? సరిగా ఉంటే దవాఖాన వరండాలో పెట్టడానికి అనుమతి ఇవ్వగలరు. ఏ రోజు రమ్మంటారో తెలియజేయగలరని కోరుతున్నాం. ఇట్లు, తమ విధేయులు..."

డాక్టరు గారికి తెలియని సంగతి పిల్లలు చెబుతున్నట్టు ఇందులో ఎక్కడా లేదు. "మీరు చూసి దిద్దగలరా" అన్న వాక్యం మర్యాద కోసం పెట్టింది మాత్రమే కాదు, చార్టులో మందు పేరు ఒక్క అక్షరం తప్పు పడినా ఆయన చేతుల్లోనే ఆగుతుంది. కోరిక కూడా ఆయన ఆ రోజే "సరే" అనగలిగినది.

చిత్తుప్రతి రాశాక జట్టులో ఒకరు ఉత్తరం చదవాలి, ఇంకొకరు నోటుబుక్కు తెరిచి ఒక్కో వాక్యానికి వరుస నంబరు వేయాలి. నంబరు దొరకని వాక్యం తీసేయాలి. "పర్యావరణాన్ని రక్షించండి" అన్నది అక్కడే రాలిపోతుంది, మీరు ఎర్రసిరా వాడే పనే ఉండదు. "ఒకరి మాటే" అని గుర్తున్న సంగతి ఉత్తరంలోకి రావచ్చు, కానీ "ఒకరు చెప్పారు" అని రాయాలి. మార్కులు వేసేటప్పుడు దస్తూరీ కన్నా ఈ నంబర్లకు ఎక్కువ ఇవ్వండి.

దవాఖాన బడి పక్కనే ఉన్నా పోస్టులో వేయించండి. కవరు మీద చిరునామా రాయడం చాలామంది పదో తరగతి పిల్లలకు కూడా రావడం లేదు. అందుకునేవారి చిరునామా కుడివైపు కింద, పంపేవారిది ఎడమవైపు కింద, పిన్‌కోడ్ ఆరంకెలూ. 504 అంటే ఆదిలాబాద్ వైపు, 505 కరీంనగర్, 506 వరంగల్ అని చెబితే మిగతా మూడంకెలు ఏ పోస్టాఫీసువో వాళ్లే వెతుక్కుంటారు. చేరినట్టు రుజువు కావాలంటే స్పీడ్ పోస్టులో వేయాలి, 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును అందులోనే కలిపేశారు. పంపేముందు ఒక నకలు నోటుబుక్కులో అంటించుకోవాలి.

ప్రశ్న: ఉత్తరం రాసి నెల దాటింది, జవాబు రాలేదు. పిల్లలు నీరుగారిపోయారు.
- టీచర్, జనగామ

జవాబు: రెండో ఉత్తరం రాయించండి, మూడే వాక్యాలు: ఫలానా తేదీన రాశాం, ఫలానాది అడిగాం, నకలు జతచేశాం. కోపం, ఫిర్యాదు వద్దు. అదీ కదలకపోతే ఇద్దరు పిల్లలు, ఒక టీచర్ కలిసి ఆఫీసుకు పోయి చేతికిచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోవాలి. జవాబు వస్తేనే పాఠం అయినట్టు మొదట్లోనే ఆశ పెట్టకండి. ఈలోపు తప్పకుండా జవాబు వచ్చే ఉత్తరం ఒకటి ఉంది: తమకు కథలు చెప్పిన తాతకు, అమ్మమ్మకు కృతజ్ఞతలు చెబుతూ రాసేది. వాళ్లు చెప్పిన ఒక సంగతి వాళ్ల మాటల్లోనే అందులో ఉండాలి. చదువు రాకపోతే మనవరాలే చదివి వినిపిస్తుంది.

ప్రశ్న: మూడో తరగతి పిల్లలకు చచ్చిన పశువులు, విషాలు చెప్పలేం. వాళ్లకు సరిపోయే కథ ఉందా?
- ప్రాథమిక పాఠశాల టీచర్, ములుగు

జవాబు: ఐవాన్ అనే గొరిల్లా కథ చెప్పండి. ఆఫ్రికాలో పిల్లగా ఉన్నప్పుడే పట్టుకొని అమెరికాకు తెచ్చారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమా ఊళ్లో ఒక షాపింగ్ మాల్‌లో, నాలుగ్గోడల మధ్య 27 ఏళ్లు ఇంకో గొరిల్లా మొహం చూడకుండా బతికింది. జనం అభ్యంతరం చెప్పారు, పిల్లలు కూడా ఉత్తరాలు రాశారు. 1994లో దాన్ని అట్లాంటా జూకు తరలించారు. అక్కడ గడ్డి మీద, మిగతా గొరిల్లాల మధ్య ఉండి 2012లో చనిపోయింది. 27 ఏళ్లంటే ఎంతో పిల్లలకు తెలియదు. తమ వయసు మూడుసార్లు కూడమనండి, ఇంకా కొన్ని ఏళ్లు మిగులుతాయి.

ఒక జాగ్రత్త. "పిల్లలు ఉత్తరాలు రాశారు, గొరిల్లా బయటికొచ్చింది" అని కథను కురచ చేయకండి. ఆ మాల్ యజమానులు దివాలా తీయడం కూడా అది బయటపడడానికి ఒక కారణం. రెండూ చెప్పండి, మూడో తరగతి పిల్లలకు అర్థమవుతుంది. వాళ్లచేత స్నేహితుడికో, సెలవుల్లో కలిసే అక్కకో నాలుగు వాక్యాల ఉత్తరం రాయిస్తే చాలు: ఐవాన్ ఎవరు, ఎక్కడుండేది, ఏమైంది, నాకు ఏది వింతగా అనిపించింది. నాలుగోది ఎవరికి వాళ్లు రాయాలి, బోర్డు మీద రాసి ఇవ్వొద్దు.

ప్రశ్న: పిల్లల్ని పాలరాపు గుట్ట దగ్గరికి తీసుకుపోవచ్చా?
- బయాలజీ టీచర్, కాగజ్‌నగర్

జవాబు: అటవీ శాఖ అనుమతి లేకుండా వద్దు. పొడుగు ముక్కు రాబందులు గూళ్లలో ఉండేది చలికాలం నుంచి ఎండాకాలం మొదలయ్యే దాకా. ఆ నెలల్లో అసలే వద్దు. గుంపు అలికిడికి తల్లి లేచిపోతే ఉన్న ఒక్క గుడ్డూ ఎండకో, వేరే పక్షులకో పోతుంది. అనుమతి అడిగే ఉత్తరాన్నే పిల్లలచేత రాయించండి: ఎంతమంది, ఏ రోజు, ఏం చూడాలని, ఎంత దూరం నుంచి. వద్దని జవాబొస్తే కారణం అడుగుతూ ఇంకో ఉత్తరం రాయొచ్చు. సెప్టెంబరు మొదటి శనివారం అంతర్జాతీయ రాబందుల అవగాహన దినం. అధికారులు బడికి రావడానికి ఒప్పుకునే రోజు అది, ఆగస్టు మొదట్లోనే రాసి పిలవండి.